ముక్కు లారీ తుక్కుకేనా?

మధిర: మూతి ముందుకు పొడుచుకొచ్చిన మిలిటరీ లారీ మీకు గుర్తుందా? ఆర్మీ వాళ్లు వాడి, వేలంలో అమ్మేసిన శక్తిమాన్ అది. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో 1959లో తయారీ మొదలైంది, 1990ల్లో ఆగిపోయింది.

మామూలు లారీకి వెనక చక్రాలే లాగుతాయి. బురదలో దిగితే అంతే సంగతులు. శక్తిమాన్‌కు ముందు చక్రాలూ లాగుతాయి. భద్రాచలం వైపు లాంటి అడవి బాటల్లో దుంగల లోడుకు కావలసింది అదే కదా! అంతకుముందు రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక డిస్పోజల్‌లో అమ్మిన షెవర్లే, ఫోర్డ్ బండ్లు కూడా దేశంలో చాలాచోట్ల ఇలాగే కలప మోశాయి.

ఇప్పుడు చిక్కేమంటే, 50 ఏళ్లు దాటిన బండ్లకు కేంద్రం 2021 జులైలో ప్రత్యేక రిజిస్ట్రేషన్ తెచ్చింది. అది సొంతానికి వాడే కార్లకు, టూవీలర్లకే. లారీ ఆ లెక్కలోకి రాదు. షికార్లు తిరిగిన కారుకున్న మర్యాద చాకిరీ చేసిన బండికి లేదన్నమాట!

మీ దొడ్లో ఒకటి పడి ఉంటే తొందరపడి తూకానికి వేయకండి. బ్యాటరీ ఊడదీయండి. రేడియేటర్ నీళ్లు వదిలేయండి. టైర్ల మీద బరువు పడకుండా ఇరుసుల కింద దుంగలు పెట్టండి. వేలం కాగితాలు, ఆర్సీ బుక్కు చెదలు పట్టకుండా దాచండి. రంగు వేయిస్తే ఛాసిస్ నంబరు మాత్రం కప్పేయనివ్వకండి. బండి పుట్టుక తెలిసేది దాంతోనే.