రూపాయి వడ్డీ నిజంగా ఎంత?

మొన్న మా ఎదురింటి కుర్రాడు బండి లోను కాగితం పట్టుకొచ్చాడు. లక్షా ఇరవై వేల అప్పు, ఏడాదిలో పన్నెండు కిస్తీలు, కిస్తీకి 11,200 రూపాయలు. "రూపాయి వడ్డీయే బాబాయ్, ఎక్కువేం కాదు" అన్నాడు సంతోషంగా. నూటికి నెలకు రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. లక్షా ఇరవై వేలకు వడ్డీ 14,400. అసలూ వడ్డీ కలిపి 1,34,400. దాన్ని పన్నెండుతో భాగిస్తే సరిగ్గా 11,200. కూడికలో, భాగహారంలో తప్పేమీ లేదు. కానీ అది రూపాయి వడ్డీ కాదు.

ఊళ్లో ఎవరి దగ్గరైనా రూపాయి వడ్డీకి తెచ్చుకుంటే అసలు మొత్తం తీర్చేదాకా మన చేతిలోనే ఉంటుంది. ఇక్కడ అలా కాదు. ప్రతి కిస్తీలోనూ పదివేల అసలు వెనక్కి పోతోంది. పన్నెండో నెలకి వచ్చేసరికి మన దగ్గర మిగిలేది పదివేలే. ఆ నెల కూడా కట్టే వడ్డీ మాత్రం 1,200. ఆ ఒక్క నెల మట్టుకు చూస్తే నూటికి పన్నెండు రూపాయలు! దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. మరి తగ్గుతూ వచ్చే బాకీ మీద లెక్కేస్తే ఈ అప్పు నిజమైన రేటెంత?

ఈ ప్రశ్న దగ్గరే గణితం రసవత్తరంగా మారుతుంది. రేటు చెబితే కిస్తీ ఎంతో చెప్పడానికి సూత్రం ఉంది, కాలిక్యులేటర్ మీద అర నిమిషం పని. కిస్తీ చెప్పి రేటు అడిగితే మాత్రం సూత్రం లేదు. ఆ సమీకరణాన్ని విప్పి రాస్తే పన్నెండో ఘాతం దాకా పోతుంది. వర్గ సమీకరణానికి సూత్రం బడిలో నేర్చుకున్నాం. మూడు, నాలుగు ఘాతాలకు 16వ శతాబ్దపు ఇటలీలో సూత్రాలు దొరికాయి. అయిదో ఘాతం నుంచి అలాంటి సార్వత్రిక సూత్రం ఉండనే ఉండదని నార్వే యువకుడు నీల్స్ హెన్రిక్ ఆబెల్ 1824లో నిరూపించాడు. బడి వదిలాక ఎదురయ్యే సమీకరణాల్లో చాలా భాగం సూత్రానికి లొంగనివే. ఈ మాట పిల్లలకు ముందే చెప్పాలని నా గట్టి నమ్మకం. సూత్రం లేదంటే జవాబు లేదని కాదు.

జవాబును ఊహించవచ్చు. ఊహ ఎంత తప్పిందో చూసి, దాన్ని దిద్దుకోవచ్చు.

మన అప్పునే తీసుకుందాం. నెలకు 1 శాతమైతే కిస్తీ 10,662 రూపాయలు కావాలి. 2 శాతమైతే 11,347. మన 11,200 ఈ రెంటి మధ్యా ఉంది కాబట్టి రేటు కూడా 1కీ 2కీ మధ్యనే ఉండాలి. మధ్యలో 1.5 వేసి చూస్తే 11,002 వచ్చింది, చాలలేదు. ఇక 1.5కీ 2కీ మధ్య వెతకాలి. 1.75 దగ్గర 11,174, ఇంకా తక్కువే. 1.875 దగ్గర 11,260, ఎక్కువైంది. ఒక్కో అడుగుకీ వెతకాల్సిన జాగా సగమవుతోంది. ఇది సమద్విఖండన పద్ధతి. విలువ మధ్యలో తెగిపోకుండా సాఫీగా మారుతున్నంత వరకూ, ఒక చివర తక్కువా మరో చివర ఎక్కువా ఉంటే చాలు, ఇది తప్పిపోయే ప్రశ్నే లేదు. కాకపోతే నడక నెమ్మది. నాలుగో దశాంశం దాకా నమ్మకంగా చేరాలంటే పద్నాలుగు సార్లు సగం చేయాలి.

ఈ పద్ధతి ఒక సమాచారాన్ని వృథాగా పారేస్తోంది. కిస్తీ తక్కువా ఎక్కువా అన్నదే చూస్తోంది గానీ, ఎంత తక్కువో పట్టించుకోవడం లేదు. 1 శాతం దగ్గర 538 రూపాయలు తగ్గింది, 2 శాతం దగ్గర 147 ఎక్కువైంది. అంటే జవాబు 2 వైపుకే దగ్గరగా ఉండాలి. ఆ రెండు బిందువులనూ సరళరేఖతో కలిపి, 11,200ను అది ఎక్కడ తాకుతుందో చూస్తే 1.785 వస్తుంది. ఒక్క అడుగులోనే! ఆ రేటుకు కిస్తీ లెక్కిస్తే తేడా రెండు రూపాయలే. మరో అడుగు వేస్తే 1.7881. ఏడాదికి దాదాపు 21.46 శాతం. 12 అని చెప్పిన చోట 21.46.

ఇలా గీతతో జవాబు పట్టడాన్ని ఛేదన రేఖ పద్ధతి అంటారు. 15వ శతాబ్దంలో కేరళ గణితజ్ఞుడు పరమేశ్వరుడు ఖగోళ గణనల కోసం సరిగ్గా దీనికి సమానమైన పద్ధతినే తన సిద్ధాంతదీపికలో వాడాడు. వచ్చిన జవాబును మళ్లీ లెక్కలోకి పంపి, అది కుదురుకునే వరకూ చేయడాన్ని మన జ్యోతిషులు 'అసకృత్' అన్నారు. ఒక్కసారి కాదు, మళ్లీ మళ్లీ అని దానర్థం. పద్ధతి సారమంతా ఆ ఒక్క పేరులో ఉంది.

వీటన్నిటిలోకీ పేరు మోసింది న్యూటన్ పద్ధతి. రెండు బిందువులక్కర్లేదు, ఒక్కటి చాలు. ఆ బిందువు దగ్గర వక్రరేఖకు స్పర్శరేఖ గీసి, అది సున్నాను ఎక్కడ దాటుతుందో అక్కడికి వెళ్లడమే. న్యూటన్ తీసుకున్న ఉదాహరణ x³ − 2x − 5 = 0. 2తో మొదలుపెడితే ఎడమవైపు విలువ −1, అక్కడి వాలు 10. కాబట్టి పదో వంతు ముందుకు జరిగితే 2.1. తర్వాతి అడుగులో 2.094568. ఆ తర్వాత 2.0945514817. మూడే అడుగుల్లో తొమ్మిది దశాంశ స్థానాలు సరిపోయాయి. జవాబుకు దగ్గరపడ్డాక ఒక్కో అడుగుకీ సరైన అంకెల సంఖ్య రమారమి రెట్టింపవుతుంది. మొదటిసారి చేతితో వేసి చూసినప్పుడు కలిగిన ఆశ్చర్యం నాకు ఇంకా తగ్గలేదు.

న్యూటన్ దీన్ని ఇలా స్పర్శరేఖతో చెప్పలేదు. 2కు ఒక చిన్న దిద్దుబాటు కలిపి, సమీకరణాన్ని విప్పి, చిన్న పదాలను వదిలేశాడు. దాన్ని 1685లో జాన్ వాలిస్ తన బీజగణిత గ్రంథంలో అచ్చువేశాడు. 1690లో జోసెఫ్ రాఫ్సన్ దాన్ని తేలిక చేశాడు. బహుపదులే కాదు, ఏ సమీకరణానికైనా వాడేలా కలన గణితంతో చెప్పింది మాత్రం 1740లో థామస్ సింప్సన్. పాఠ్యపుస్తకాల్లో న్యూటన్-రాఫ్సన్ పద్ధతి అని ఉంటుంది, సింప్సన్ పేరు కనిపించదు. అది అన్యాయమే.

వేగానికి ఒక ఖరీదుంది. x³ − 2x + 2 = 0 అనే సమీకరణాన్ని సున్నాతో మొదలుపెట్టి చూడండి. మొదటి అడుగులో 1 వస్తుంది. రెండో అడుగులో మళ్లీ 0. తర్వాత 1, మళ్లీ 0. గానుగెద్దులా ఎంత తిరిగినా ఉన్నచోటే. జవాబు లేక కాదు, −1.769 దగ్గర ఉంది. −2తో మొదలుపెడితే రెండడుగుల్లో −1.77కి చేరతాం. మొదలెక్కడ పెట్టామన్నదే ఇక్కడ ముఖ్యం.

అందుకే నేటి కంప్యూటర్లు తరచుగా రెండు గుణాలనూ కలుపుతాయి. 1973లో రిచర్డ్ బ్రెంట్ ప్రచురించిన పద్ధతి వీలైనంత వరకూ వేగంగా దూకుతుంది, దూకుడు పనికిరాదనిపించిన చోట బుద్ధిగా సగం చేస్తుంది. ఎక్సెల్‌లో రేట్ అనే ఫంక్షన్ కూడా ఊహించి దిద్దుకునేదే. ఇరవై సార్లు ప్రయత్నించినా జవాబు కుదురుకోకపోతే తప్పు చూపించి ఊరుకుంటుంది. దానికి కిస్తీల సంఖ్య 12, మైనస్ గుర్తుతో కిస్తీ మొత్తం 11,200, అప్పు 1,20,000 ఇస్తే మనం చేత్తో తేల్చిన నెలసరి రేటే వస్తుంది.

ఈ లెక్క మీరే వేసుకోవాలని లేదు. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే రిటైల్ టర్మ్ లోన్లకు, రిజర్వు బ్యాంకు నియంత్రణలోని బ్యాంకులూ ఫైనాన్స్ సంస్థలూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. అందులో ఏపీఆర్ అనే వార్షిక రేటు ఉండాలి, ఆ కాగితం అప్పు తీసుకునేవారికి అర్థమయ్యే భాషలో ఉండాలి. సంతకం పెట్టేముందు దాన్ని తెలుగులో అడిగి తీసుకోండి. ఫ్లాట్ రేటు పక్కన పెట్టి, ముందుగా ఏపీఆర్ చూడండి.