ఏటి చేప, కుంట చేప

కావేరిపట్టణం పేరు వినగానే కొత్తవారు అది కావేరి ఒడ్డున ఉన్న ఊరనుకుంటారు. నిజానికి ఊరి పక్కన పారేది దక్షిణ పినాకిని. తమిళులు తెన్‌పెన్నై అంటారు, మనం పెన్నారు అంటాం. నంది కొండల ప్రాంతంలోనే పుట్టి నెల్లూరు దాటి సముద్రంలో కలిసే ఉత్తర పినాకిని దీనికి తోబుట్టువు. అంటే ఇక్కడి తెలుగువారికి ఈ ఏరు పరాయిది కాదు, పుట్టింటి చుట్టమే!

సెలవు రోజున గాలం పట్టుకుని నీటి ఒడ్డున కూర్చోవాలనుకునే వారికి ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి దేవుడిచ్చిన ఏరు. రెండోది డబ్బు కట్టి పట్టుకునే చేపల కుంట. బెంగళూరు, హైదరాబాదు చుట్టుపక్కల ఇలాంటి కుంటలు వెలిశాయి. ఈ రెండింటిలో ఏది మేలు?

ఏటిలో వేట

ఏటిలో చేప ఎక్కడుందో ఎవరూ చెప్పరు. నీటిని చూసి మనమే తెలుసుకోవాలి. ఆనకట్ట దిగువ మడుగు, ఒడ్డు చెట్ల వేళ్ళ సందులు, బండల వెనుక నెమ్మదించిన నీరు జెల్లలకూ బొమ్మిడాయిలకూ ఇష్టమైన చోట్లు. పరిగెలు పలుచని నీటిలో గుంపులుగా తిరుగుతాయి. గాలానికి వానపాము గుచ్చి, బెండు కదలిక చూస్తూ గంటలు గడిపినా ఖాళీ బుట్టతో ఇల్లు చేరవచ్చు. ఓపికే ఇక్కడ పెట్టుబడి.

ఏటికి తనదైన నీతి కూడా ఉంది. నీటి పైన ఎర్రటి చిన్న పిల్లల గుంపు కదులుతుంటే, కింద కొరమీను జంట కాపలా ఉందని అర్థం. అప్పుడు ఎర వేస్తే పెద్దది కోపంతో వచ్చి చిక్కుతుంది. కాని కాపలా పోయిన ఆ పిల్లలు తక్కిన చేపల పాలవుతాయి. అందుకే తెలిసిన వేటగాడు అక్కడ గాలం వేయడు.

కుంటలో వేట

కుంటలో కథ వేరు. 1957లో కటక్‌లో హీరాలాల్ చౌధురి పిట్యుటరీ గ్రంథి రసం ఎక్కించి పెంపుడు చేపలచేత గుడ్లు పెట్టించారు. ఆ విజయానికి గుర్తుగానే జూలై 10ని మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. నిలవ నీటిలో సహజంగా గుడ్లు పెట్టని బొచ్చె, శీలావతి, ఎర్రమోసు ఆ తర్వాతే దేశమంతటా చెరువులకు చేరువయ్యాయి. మన జిల్లాలోనూ బారూరులో తమిళనాడు మత్స్య విశ్వవిద్యాలయం వారి కేంద్రం చేపల పెంపకం మీద పని చేస్తోంది. పేదవాడి పళ్ళెంలోకి చవకగా చేప వచ్చిందంటే ఆ శాస్త్రం చలవే.

గాలం వేసేవారికి ఒక చిట్కా. బొచ్చె పై నీటిలో, శీలావతి నడి నీటిలో, ఎర్రమోసు అడుగున మేస్తాయి. దాన్నిబట్టి బెండు సర్దుకోవాలి. తవుడు, వేరుశనగ చెక్క తిని పెరిగిన చేపలు కాబట్టి పిండి ఉండకే వస్తాయి. పిల్లలకు అరగంటలో చేప చిక్కుతుంది, ముఖం వెలిగిపోతుంది. అదీ ఆనందమే, కాదనలేం.

ఇంగ్లండులోనూ ఇదే ముచ్చట. అక్కడ చేపలు నింపిన కుంటలకు రోజు టిక్కెట్టు కొని వెళతారు. చేపలు గుడ్లు పెట్టే కాలమని మార్చి 15 నుంచి జూన్ 15 వరకు నదుల్లో మామూలు మంచినీటి చేపలకు గాలం వేయడం నిషేధం. చాలా చెరువులకు మాత్రం 1995లో ఆ నిషేధం తీసేశారు.

కావేరి నేర్పిన పాఠం

చిక్కు ఎక్కడంటే, కుంట చేపను ఏటిలో వదిలినప్పుడు. మన జిల్లా పడమటి అంచున పారే కావేరిలో మూపురం ఉన్న మహసీర్ ఒకటుంది. ఈ జాతి కావేరీ తీరంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. 1946లో కావేరికి ఉపనది అయిన కబినిలో వాన్ ఇంగెన్ అనే ఆయన గాలానికి 120 పౌండ్ల మహసీర్ చిక్కింది. అలాంటి నదిలోకి, లోనావాలాలో పెంచిన నీలి రెక్కల మహసీర్ పిల్లలను మంచి ఉద్దేశంతోనే తెచ్చి వదిలారు. అది కృష్ణా తీరపు జాతి.

గాలిబోరె శిబిరంలో చేపను పట్టి, తూచి, తిరిగి నీటిలో వదిలే వేటగాళ్ళు 1998 నుంచి 2012 వరకు రాసుకున్న లెక్కలను శాస్త్రజ్ఞులు పరిశీలించారు. నీలి రెక్కలవి పెరిగాయి. మూపురపువి తగ్గాయి. చిక్కిన కొద్దిపాటివీ పెద్దవే, పిల్లలు లేవు. అంటే వంశం నిలవడం లేదన్నమాట. 2018లో దానికి టార్ రెమాదేవీ అన్న శాస్త్రీయ నామం ఖాయమైంది. అదే ఏడు అది అంతరించే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల జాబితాకెక్కింది. పేరు నిలిచేసరికి ప్రాణం మీదికి వచ్చింది!

మన పెన్నారు సంగతి

పెన్నారు కష్టం మరో రకం. హోసూరు దగ్గరి కెలవరపల్లి జలాశయం వద్ద తెల్లటి నురగ తేలడం పత్రికల్లో ఎన్నోసార్లు చూశాం. ఎగువ నుంచి వచ్చే బెంగళూరు మురుగు దీనికి ముఖ్య కారణం. అలాంటి నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. పైకి వచ్చి గాలి పీల్చగల కొరమీను, మార్పు వంటివి తట్టుకుంటాయి. 1952లో మన దేశానికి తెచ్చిన తిలాపియా, అదే మనం జిలేబీ అనేది, ఎలాగో బతికేస్తుంది. మిగతావి తప్పుకుంటాయి. బుట్ట నిండా జిలేబీలే వస్తే చేపలు బాగా పడ్డాయని సంతోషిస్తాం కాని, ఏటికి జబ్బు చేసిందనడానికి అదే గుర్తు కావచ్చు.

కాబట్టి కుంట వద్దని కాదు. కుంట కుంటగానే ఉండాలి, ఏరు ఏరుగానే ఉండాలి. పిల్లలకు గాలం వేయడం కుంటలో నేర్పండి. నీటిని చదవడం ఏటి దగ్గర నేర్పండి. చెరువైతే గుత్తదారు అనుమతి తీసుకోండి. అభయారణ్యంలో గాలం వేయకండి. వినాయక చవితికో, పుట్టినరోజుకో పుణ్యమని కొన్న చేపలనూ, ఇంటి తొట్టిలో విసుగు పుట్టిన చేపలనూ నదిలో వదలకండి.

చివరగా, ఒక చిన్న నోటుపుస్తకం పెట్టండి. తేదీ, చోటు, నీటి రంగు, పడిన చేప పేరు పిల్లలచేత రాయించండి. పేరు తెలియకపోతే తాతగారినో, ఏటి ఒడ్డు జాలరినో అడిగించండి. బరువుకన్నా ఎన్ని రకాలు కనిపించాయన్నదే ఏటి ఆరోగ్యానికి కొలత. కావేరి కథ లోకానికి తెలిసింది అలాంటి రాతల వల్లే. మన పెన్నారుకూ ఆ లెక్క రాసేవాళ్ళు కావాలి.