టెట్‌లో దివ్యాంగులకు 60 మార్కులకే పాస్.. మరి డీఎస్సీలో అది ఎంతవరకు పనికొస్తుంది?

టెట్‌లో 150కి 62 మార్కులు వచ్చాయి. పాసైనట్టా, ఫెయిలైనట్టా? జవాబు రాసిన వాళ్లను బట్టి మారుతుంది. జనరల్ అభ్యర్థి అయితే ఫెయిల్. బీసీ-ఈ అయినా ఫెయిలే. అదే 40 శాతం, అంతకంటే ఎక్కువ వైకల్యం ఉన్నట్టు సర్టిఫికెట్ ఉండి, దరఖాస్తులో ఆ సంగతి నమోదు చేసి ఉంటే పాస్. ఈ చిన్న తేడా తెలియక, తెలిసినా సర్టిఫికెట్ తీసుకోక ప్రతి టెట్‌లోనూ కొంతమంది గీత దగ్గరే ఆగిపోతున్నారు.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండు చోట్లా టెట్ అర్హత మార్కులు ఒకే తీరుగా ఉన్నాయి. ఓసీలకు 60 శాతం, అంటే 90 మార్కులు. బీసీలకు 50 శాతం, అంటే 75. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ అభ్యర్థులకు 40 శాతం, అంటే 60 మార్కులు చాలు. దివ్యాంగులకు ఈ గీత కులంతో సంబంధం లేకుండా ఒక్కటే.

ముస్లిం కుటుంబాలకు ఈ లెక్క కొంచెం వివరంగా తెలియాలి. ముస్లింలందరూ బీసీ-ఈ కిందికి వస్తారన్న అపోహ ఇప్పటికీ చాలామందిలో ఉంది. 2007 చట్టం షేక్, ఖురేషీ, ఫకీర్ వంటి కొన్ని వర్గాలనే బీసీ-ఈలో చేర్చి 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. దూదేకుల వాళ్లు అంతకుముందు నుంచే బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటి వర్గాలు ఆ జాబితాలో లేవు, వాళ్లు ఓసీలే. అంటే షేక్ కుటుంబంలోని దివ్యాంగ అభ్యర్థికి గీత 75 నుంచి 60కి దిగుతుంది. సయ్యద్ కుటుంబంలోని అభ్యర్థికి ఏకంగా 90 నుంచి 60కి దిగుతుంది. కులం కోటా ఏదీ లేని ఇంట్లోనే ఈ సడలింపు విలువ ఎక్కువ. ఇంకో సంగతి, బీసీ రిజర్వేషన్‌కు క్రీమీలేయర్ అడ్డు ఉంటుంది. వైకల్యం కోటాకు అది లేదు, తండ్రి ఆదాయం ఎంతన్నది ఎవరూ అడగరు.

అసలు ఈ సడలింపు ఎక్కడి నుంచి వచ్చింది? విద్యాహక్కు చట్టం కింద ఉపాధ్యాయుల కనీస అర్హతలు నిర్ణయించే బాధ్యత ఎన్‌సీటీఈది. 2010 ఆగస్టు 23న ఆ సంస్థ టెట్‌ను తప్పనిసరి చేసింది. 2011 ఫిబ్రవరి 11న ఇచ్చిన మార్గదర్శకాల్లో పాస్ మార్కు 60 శాతం అని చెబుతూనే, తమ రిజర్వేషన్ విధానం ప్రకారం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు రాయితీ ఇచ్చే వెసులుబాటు పెట్టింది. ఎంత ఇవ్వాలన్న అంకె అందులో లేదు. అందుకే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో గీత. తమిళనాడు 2014లో 60 నుంచి 55 శాతానికి, అంటే 90 నుంచి 82 మార్కులకు తగ్గించింది. ఆ జాబితాలో దివ్యాంగులతో పాటు అక్కడి బీసీ ముస్లింలు కూడా ఉన్నారు. రాజస్థాన్ కొన్ని వర్గాలకు 20 శాతం దాకా తగ్గించింది. రెండు రాష్ట్రాల సడలింపులపైనా కోర్టుల్లో సవాలు పడింది. 2016లో సుప్రీంకోర్టు రెండూ చెల్లుతాయని తేల్చింది.

రాజస్థాన్ తీర్పులో మరో కీలకమైన మాట ఉంది. టెట్ అనేది అర్హత పరీక్ష మాత్రమే, ఉద్యోగానికి ఎంపిక దాని తర్వాత జరిగేది. కాబట్టి టెట్‌లో సడలింపు వాడుకున్నంత మాత్రాన, ఎంపికలో మంచి మెరిట్ తెచ్చుకున్న అభ్యర్థిని ఓపెన్ కేటగిరీ పోస్టు నుంచి తప్పించడానికి వీల్లేదు. ‘60 మార్కులతో పాసైతే ఇక పీహెచ్ కోటాకే కట్టుబడి ఉండాలి’ అని కోచింగ్ సెంటర్ల దగ్గర వినిపించే మాట దీనికి విరుద్ధం.

దివ్యాంగులను ఎస్సీ, ఎస్టీల పక్కన ఎందుకు నిలబెట్టారని అడిగేవాళ్లూ ఉన్నారు. దీనికి సుప్రీంకోర్టు 2020 జూలైలో చండీగఢ్ ఆర్ట్ కాలేజీ ప్రవేశాల కేసులో సూటిగా జవాబిచ్చింది. వైకల్యం ఉన్నవాళ్లు కూడా సామాజికంగా వెనుకబడినవాళ్లేనని, ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చే మార్కుల సడలింపే వాళ్లకూ దక్కాలని చెప్పింది. అది కాలేజీ సీటు కేసే అయినా, దాని వెనకున్న వాదన ఉద్యోగ పరీక్షలకూ వర్తించేలా ఉంది.

ఇక అసలు చిక్కు ఇక్కడ ఉంది. 60 మార్కులు టెట్ గడప దాటిస్తాయి, ఉద్యోగం ఇప్పించవు. డీఎస్సీలో రాత పరీక్షకు 80 మార్కులు, టెట్‌కు 20 మార్కుల వెయిటేజీ. టెట్‌లో 60 వచ్చినవాళ్లకు 20కి 8 మార్కులే కలుస్తాయి. 90 వచ్చినవాళ్లకు 12, 120 వచ్చినవాళ్లకు 16. వెయిటేజీ దగ్గర ఏ సడలింపూ లేదు, వచ్చిన మార్కులను బట్టే లెక్క. డీఎస్సీలో ప్రశ్నకు అర మార్కు. అంటే 60తో పాసైన అభ్యర్థి 90 తెచ్చుకున్న అభ్యర్థి కంటే 4 మార్కులు, అంటే 8 ప్రశ్నలు వెనక నుంచి పరుగు మొదలుపెడుతున్నట్టు. దివ్యాంగుల కోటాలో పోటీ పడేది తోటి దివ్యాంగులతోనే కావచ్చు, కానీ అక్కడా 120 తెచ్చుకున్నవాళ్లు ఉంటారు. సీటు అర మార్కు తేడాలతో చేజారుతుందని డీఎస్సీ రాసిన ఎవరిని అడిగినా చెబుతారు.

అందుకే ఒకసారి పాసయ్యాం కదా అని టెట్ పుస్తకాలు అటక మీద పెట్టేయడం మంచిది కాదు. టెట్ సర్టిఫికెట్‌కు ఇప్పుడు జీవితకాల చెల్లుబాటు ఉంది. స్కోరు పెంచుకోవడానికి మళ్లీ ఎన్నిసార్లయినా రాయొచ్చు. నెగెటివ్ మార్కులు లేవు. తెలంగాణలో ఏడాదికి రెండుసార్లు టెట్ పెట్టాలని 2024లో నిర్ణయించారు కాబట్టి అవకాశాలకు కొరత లేదు. పేపర్-1లో లాంగ్వేజ్-1 కింద ఉర్దూ ఎంచుకున్నవాళ్లకు ఆ 30 మార్కులు సొంత ఇల్లు లాంటివి. చాలామందిని వెనక్కి లాగేది ఇంగ్లిష్, గణితం. అవి రెండూ కలిపి 60 మార్కులు.

విద్యార్హత మార్కుల సంగతి వేరు, టెట్ మార్కుల సంగతి వేరు. ఈ రెండూ కలిపేసుకుని గందరగోళపడేవాళ్లు ఎక్కువ. ఇంటర్, డిగ్రీలో ఉండాల్సిన కనీస శాతంలో 2011 జూలై 29 నాటి ఎన్‌సీటీఈ సవరణ ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, దివ్యాంగులకు 5 శాతం వరకు సడలింపు ఇచ్చింది. 50 శాతం అడిగే చోట 45 చాలన్నమాట. బీసీ-ఈ కూడా, దివ్యాంగులు కూడా అయితే రెండు సడలింపులు కలిపి 10 శాతం ఇవ్వరు. అలాగే కేంద్రం నిర్వహించే సీటెట్‌లో ఈ 60 మార్కుల లెక్క పనిచేయదు. అక్కడ పాస్ అంటే 60 శాతం, రాయితీ ఇవ్వాలా వద్దా అన్నది ఉద్యోగం ఇచ్చే సంస్థ ఇష్టం.

పోస్టుల విషయానికొస్తే, 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. చూపు లోపం ఉన్నవాళ్లకు 1, వినికిడి లోపం ఉన్నవాళ్లకు 1, కాళ్లు చేతుల వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, మరుగుజ్జుతనం, యాసిడ్ దాడి బాధితులు వగైరాలకు 1, ఆటిజం, మానసిక వైకల్యం, ఒకటికి మించి వైకల్యాలు ఉన్నవాళ్లకు 1. వయసులో కూడా రెండు రాష్ట్రాల్లో దివ్యాంగులకు 10 ఏళ్ల సడలింపు ఉంది.

ఉర్దూ మీడియం పోస్టులకు ఇది ఇంకా ముఖ్యం. రిజర్వు అయిన ఉర్దూ మీడియం పోస్టులకు అర్హులు దొరక్క ఖాళీగా మిగలడం కొత్తేమీ కాదు. దివ్యాంగుల కోటా పోస్టు ఒక ఏడాది భర్తీ కాకపోతే చట్టం ప్రకారం మరుసటి నియామకానికి వెళుతుంది. అప్పుడూ ఎవరూ రాకపోతే ముందు వేరే రకం వైకల్యం ఉన్నవాళ్లకు ఇస్తారు. వాళ్లూ లేకపోతే మామూలు అభ్యర్థికి ఇచ్చేస్తారు. ఇటు 60 మార్కుల గీత తెలియక ఒక అమ్మాయి ఇంట్లో కూర్చుంటే, అటు ఆమెకు దక్కాల్సిన పోస్టు రెండు నియామకాల్లో కోటా నుంచే జారిపోవచ్చు.

అమ్మాయి అనడానికి కారణం ఉంది. కూతురికి చిన్నప్పుడు పోలియో వచ్చి కాలు సన్నబడినా, ఒక చెవి వినబడకపోయినా సర్టిఫికెట్ తీసుకోని కుటుంబాలు మనలో తక్కువేం లేవు. కాగితం మీద రాయిస్తే సంబంధాలు రావని భయం. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కానీ కాలు సంగతి సంబంధం చూసేవాళ్లకు కాగితం లేకపోయినా తెలుస్తుంది, టెట్ కంప్యూటర్‌కు మాత్రం కాగితం ఉంటేనే తెలుస్తుంది. ప్రభుత్వ టీచరు జీతం ఉన్న అమ్మాయి పెళ్లి మాట ఎలా నడుస్తుందో పెద్దలకు వేరే చెప్పనక్కర్లేదు.

సర్టిఫికెట్ విషయంలో చూసుకోవాల్సింది ప్రధానంగా శాతం. 40కి ఒక్క శాతం తగ్గినా మార్కుల సడలింపు, కోటా రెండూ ఉండవు. పాత సదరం సర్టిఫికెట్ స్థానంలో ఇప్పుడు యూడీఐడీ కార్డు వస్తోంది. తాత్కాలిక సర్టిఫికెట్ ఉన్నవాళ్లు గడువు తేదీ చూసుకోవాలి. సర్టిఫికెట్‌లోని పేరు, పదో తరగతి మెమోలోని పేరు ఒకేలా ఉండాలి. ‘మహమ్మద్’, ‘ఎండీ’, ‘షేక్’, ‘ఎస్‌కే’ తేడాలతో వెరిఫికేషన్ దగ్గర ఇబ్బందిపడటం మన ఇళ్లల్లో తెలిసిన కథే.

చూపు లేనివాళ్లు, చేతులతో రాయలేనివాళ్లు సహాయకుడిని అడగొచ్చు. గంటకు 20 నిమిషాల చొప్పున రెండున్నర గంటల టెట్‌కు 50 నిమిషాలు అదనంగా వస్తాయి. రాయడంలో నిజమైన ఇబ్బంది ఉంటే 40 శాతం కంటే తక్కువ వైకల్యం ఉన్నవాళ్లూ సహాయకుడికి అర్హులేనని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. మార్కుల సడలింపుకు మాత్రం 40 శాతం నిబంధన అలాగే ఉంది.

ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న దివ్యాంగ టీచర్లూ ఈ 60 మార్కుల గీతను గుర్తు పెట్టుకోవాలి. ఇంకా ఐదేళ్లకు మించి సర్వీసు ఉన్నవాళ్లు రెండేళ్లలో టెట్ పాసవ్వాల్సిందేనని 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. ఐదేళ్ల లోపు ఉన్నవాళ్లు రిటైరయ్యే దాకా కొనసాగొచ్చు గానీ, ప్రమోషన్ కావాలంటే వాళ్లకూ టెట్ కావాలి. మైనారిటీ విద్యాసంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తిస్తుందా లేదా అన్న ప్రశ్నను మాత్రం అదే తీర్పు పెద్ద ధర్మాసనం దృష్టికి పంపింది. ప్రభుత్వ ఉర్దూ మీడియం స్కూళ్లలో పనిచేస్తున్నవాళ్లకు ఆ వెసులుబాటు లేదు. సర్వీసు రికార్డులో వైకల్యం నమోదై ఉన్నా సరే, టెట్ దరఖాస్తులో విడిగా ఆ కేటగిరీ ఎంచుకోవాలి.