పల్లీల పుట్టింటి చుట్టాలు

ఎవరు ఏ ప్రాంతం వాళ్ళో ఈ గింజను ఏమని పిలుస్తారో విని చెప్పేయొచ్చు. తెలంగాణ వాళ్ళకి పల్లీలు, కోస్తా వాళ్ళకి వేరుశనగ గుళ్ళు, అనంతపురంలో చెనిక్కాయలు, కర్నూలు వైపు బుడ్డలు. పేర్లు ఇన్ని ఉన్నా, జన్యువుల్లో మాత్రం దీనికి వైవిధ్యం చాలా తక్కువ.

కారణం దాని పుట్టుకలోనే ఉంది. కొన్ని వేల ఏళ్ళ క్రితం, ఇప్పటి బొలీవియా, అర్జెంటీనా ప్రాంతంలో రెండు అడవి మొక్కలు కలిశాయి. ఒక్కోదానికి 20 క్రోమోజోములు. వాటికి పుట్టిన మొక్కలో అవి రెట్టింపై 40 అయ్యాయి. ఇక అడవి చుట్టాలతో సంబంధం దాదాపు తెగిపోయింది. వాటితో కలిపినా ఆ పిల్ల మొక్కకి గింజ కట్టదు. పైగా పల్లీ పువ్వు తన పుప్పొడితోనే తను కాయ కడుతుంది. బయటి సంబంధాలు చేసుకోని కుటుంబం అన్నమాట! తిక్క ఆకుమచ్చ, తుప్పు తెగుళ్ళు వస్తే తట్టుకునే గుణం ఇంట్లో వెతికితే ఎక్కడ దొరుకుతుంది?

అందుకే శాస్త్రవేత్తలు మళ్ళీ పుట్టింటికి వెళ్ళారు. బొలీవియా అడవి రకం అరాకిస్ కార్డినాసీని 1960ల్లో నార్త్ కరోలినాలో మన పల్లీతో కలిపారు. పుట్టిన మొక్కకి 30 క్రోమోజోములు, గొడ్డుది. మందుతో వాటిని 60 చేస్తే గింజ కట్టింది. కొన్ని తరాలు గడిచాక 40కి దిగింది, తెగుళ్ళను తట్టుకునే గుణం మాత్రం మిగిలింది. ఆ విత్తనం పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కి చేరి, అక్కడి నుంచి దేశదేశాలకు వెళ్ళింది. దాని వారసులు సుమారు 30 దేశాల్లో ఉన్నాయని 2021లో ఒక పరిశోధన తేల్చింది. ఇక్రిశాట్ జన్యు బ్యాంకులో ఇప్పుడు 15 వేలకు పైగా వేరుశనగ నమూనాలు భద్రంగా ఉన్నాయి.

ఈ కలపడం వినడానికి సులువే. సాయంత్రం మొగ్గ విప్పి, పట్టకారుతో కేసరాలు తీసేసి, మర్నాడు పొద్దున్నే వేరే మొక్క పుప్పొడి అద్దాలి. ఒక్కో పువ్వుకీ ఇంతే. బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో మందారంతో అవస్థపడ్డవాళ్ళకి ఈ ఓపిక విలువ తెలుస్తుంది.

ఇక మన వంటింటి సంగతి. ఊరి నుంచి తెచ్చిన పల్లీలు నాలుగు నెలలకే ముక్క వాసన వస్తాయి కదా? లినోలిక్ ఆమ్లం గాలి తగిలి త్వరగా పాడవడమే అందుకు ముఖ్య కారణం. ఓలిక్ ఆమ్లాన్ని లినోలిక్‌గా మార్చే జన్యువు రెండు పూర్వీకుల నుంచీ ఒక్కోటి వచ్చింది కాబట్టి, రెండూ పనిచేయని మొక్క కావాలి. అలాంటిది ఫ్లోరిడాలో దొరికిందని 1987లో ప్రకటించారు. ఆ వంశాన్ని మన రకాలతో కలిపి తెచ్చిన గిర్నార్-4, గిర్నార్-5 మన దేశంలో విడుదలయ్యేసరికి 2020 వచ్చింది. మామూలు పల్లీ నూనెలో ఓలిక్ సగం లోపో, కాస్త అటూ ఇటో ఉంటే, వీటిలో 80 శాతం దాకా ఉంటుంది.

కానీ విడుదలవడం వేరు, పొలానికి చేరడం వేరు. వేరుశనగకి ఎకరాకు పదుల కిలోల విత్తనం కావాలి, కొత్త రకం అంత త్వరగా పెరగదు. 1940లో వచ్చిన టీఎంవీ-2 దశాబ్దాల పాటు మన రైతుల పొలాల్లో నిలిచిపోవడానికి అదో కారణం.

అమెరికాలో కొన్ని ప్యాకెట్ల మీద 'హై ఓలిక్' అని ఉంటుంది. ఎక్కువ కాలం నిలవ ఉంటాయి, అంతే. కేలరీలు తగ్గవు, పల్లీ అలర్జీ ఉన్న పిల్లలకి ఇవీ పెట్టకూడదు. బూజు బెడదా పోలేదు. దానికి లొంగని రకం కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నారు. బూజు విడిచే అఫ్లటాక్సిన్ వేయించినా పూర్తిగా పోదు కాబట్టి, ముడతలు పడ్డవీ రంగు మారినవీ ముందే ఏరి పారేయండి.