బ్రాంచి తీసేస్తే పోయేదేమిటి?

ఢిల్లీ శివార్లలోని నోయిడా, గురుగ్రామ్ సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో రోజూ వాడే ‘గిట్’ను 2005లో లైనస్ టోర్వాల్డ్స్ రూపొందించారు. ఒకే ప్రోగ్రామ్‌పై ఎవరి పని వారు విడిగా చేసుకోవడానికి ఇందులో బ్రాంచీలు ఉంటాయి. పని ప్రధాన బ్రాంచిలో కలిశాక కూడా పాత పేర్లు పేరుకుపోతూనే ఉంటాయి. వాటిలో దేన్ని తీసేయవచ్చు?

బ్రాంచి అంటే ఫైళ్ల నకలు కాదు, చివరి మార్పు గుర్తింపు సంఖ్యను చూపే పేరు మాత్రమే. తొలగిస్తే వెంటనే పోయేది ఆ పేరే. సొంత కంప్యూటర్‌లో చేసిన పని జాడ గిట్ చిట్టాలో మామూలుగా 30 రోజులైనా ఉంటుంది. ఆ తర్వాత భరోసా లేదు.

అందుకే ఏది కలిసిందో, ఏది కలవలేదో ముందే తెలియాలి. బ్రాంచీలు, ట్యాగులు, అన్ని రకాల పేర్లు చూపే మూడు కమాండ్లకు ఒకప్పుడు వేర్వేరు కోడ్ ఉండేది. ఒకదానికి తెలిసిన వడపోత మరోదానికి తెలిసేది కాదు. 2015 గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో కార్తీక్ నాయక్ అనే విద్యార్థి వీటిని ఒకే కోడ్ మీదికి తెచ్చే పని చేపట్టారు. 2016 జనవరిలో వచ్చిన గిట్ 2.7 నుంచి బ్రాంచీలను చివరి మార్పు తేదీ వరుసలో చూడవచ్చు. చిన్న సౌకర్యమే, కానీ ఏడాదిగా కదలని బ్రాంచి ఇట్టే దొరుకుతుంది.

ఒక చిక్కు మిగిలే ఉంది. పలు మార్పులను ఒకే మార్పుగా కుదించి కలిపితే గుర్తింపు సంఖ్య కొత్తది అవుతుంది. అప్పుడు కలిసిపోయిన బ్రాంచిని కూడా గిట్ కలవలేదనే చెబుతుంది.