ఇంటి బల్ల మీద... విమానం!

టికెట్ అక్కర్లేదు. బోర్డింగ్ పాస్ అక్కర్లేదు. కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు... శంషాబాద్‌లో బయల్దేరి మానేరు మీద ఓ చక్కర్ కొట్టి రావచ్చు. ఫ్లైట్ సిమ్యులేటర్ల మహిమ అది! మరి అందులో ఆట ఎంత? అసలు ఎంత?

రాజన్న సిరిసిల్ల జిల్లా తంగళ్ళపల్లి నుంచి విమానం ఎక్కాలంటే ముందు బస్సెక్కాలి. సిద్దిపేట మీదుగా హైదరాబాద్, అక్కణ్నుంచి శంషాబాద్. ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో రన్‌వే అనగానే గుర్తొచ్చేది రామగుండం దగ్గరి బసంత్‌నగర్. ఒకప్పుడు అక్కడ వాయుదూత్ విమానాలు దిగేవి. ఆ సందడి ఆగిపోయి ఏళ్లు గడిచాయి.

కంప్యూటర్ తెర మీద మాత్రం ఆ ఇబ్బందేమీ లేదు. శంషాబాద్ రన్‌వే మీద సెస్నా-172 అనే నాలుగు సీట్ల బుల్లి విమానాన్ని నిలబెట్టి, గాల్లోకి లేపి, ముక్కును ఉత్తరానికి, కాస్త తూర్పు మొగ్గుతో తిప్పితే చాలు. గాల్లో దూరం సుమారు 135 కిలోమీటర్లు. సిద్దిపేట దాటాక మానేరు కనిపిస్తుంది. అంతా కలిపి నలభై నిమిషాల ప్రయాణం. చూసేవాళ్లకు ఇది వీడియో గేమే. ‘ఇగ చాలు తియ్, ఎంతసేపు గా ఆట’ అని ఇంట్లో పెద్దవాళ్లు అనడం మామూలే. కానీ దీన్ని ఆటలా కాక చదువులా తీసుకునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. నిజం విమానానికి ఎంత దగ్గరగా ఉందన్నదే వాళ్ల పట్టింపు.

పియానోల నుంచి పుట్టింది

నేల మీదే విమానం నేర్పాలన్న ఆలోచన కంప్యూటర్ల కన్నా పాతది. అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన తండ్రికి పియానోలు, ఆర్గాన్లు తయారుచేసే కర్మాగారం ఉండేది. ఆర్గాన్‌లో గాలి ఊదే తిత్తులుంటాయి కదా! వాటితోనే అటూ ఇటూ ఒరిగే ఓ ఉత్తుత్తి విమానాన్ని 1929లో ఆయన తయారుచేశాడు. మొదట్లో చాలామంది దాన్ని సంతలో బొమ్మగానే చూశారు. 1934లో అమెరికా సైన్యానికి టపా మోసే బాధ్యత అప్పగించారు. చీకట్లో, మంచులో మీటర్లు చూసి నడపడం సరిగా రాక పైలట్లు వరసగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. అప్పుడు గానీ లింక్ యంత్రం విలువ తెలియలేదు. రెండో ప్రపంచ యుద్ధం నాటికి వాటిని వేల సంఖ్యలో తయారుచేశారు.

ఇంటి కంప్యూటర్లోకి విమానాన్ని తెచ్చింది బ్రూస్ ఆర్ట్‌విక్. 1979లో ఆపిల్-2 కంప్యూటర్ మీద ఆయన చూపించింది నాలుగు గీతల ప్రపంచమే. 1982లో అది మైక్రోసాఫ్ట్ చేతికొచ్చింది. 2003 నాటి వెర్షన్‌లో దాదాపు 24 వేల విమానాశ్రయాలుండేవి. అప్పట్లో హైదరాబాద్ అంటే బేగంపేటే! 2008 మార్చిలో శంషాబాద్ మొదలయ్యాక, పాత గేముల్లో అది కావాలనుకున్నవాళ్లు విడిగా తెచ్చి అతికించుకోవాల్సి వచ్చింది. ఇలా అసలు గేముకు బయటి నుంచి తగిలించే వాటినే ‘యాడ్-ఆన్’లంటారు.

212 అంతస్తుల మేడ!

2020లో వచ్చిన మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ ఏకంగా భూగోళాన్నే తెచ్చి ముందు పెట్టింది. ఉపగ్రహ చిత్రాలు, 37 వేల విమానాశ్రయాలు, అప్పటికప్పుడు మారే వాతావరణం... ఏ ఊరివాళ్లయినా తమ ఊరి మీద ఎగరొచ్చు. అయితే కోట్లాది ఇళ్లను ఒక్కొక్కటిగా ఎవరు గీస్తారు? ఆ పని కంప్యూటర్ తెలివికే వదిలేశారు. ఓ చోట మ్యాప్‌లో రెండంతస్తులని రాయబోయి ఎవరో 212 అని నొక్కారు. అంతే... ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ శివార్లలో ఆకాశాన్నంటే సన్నటి మేడ ఒకటి వెలిసింది! లండన్‌లో రాణిగారి బకింగ్‌హామ్ ప్యాలెస్ కాస్తా మామూలు ఆఫీసు భవనంలా మారిపోయింది.

నవ్వొస్తుంది నిజమే. కానీ తెర మీద మేడ తప్పుగా ఉన్నంత మాత్రాన విమానం నేర్చుకునేవారికి వచ్చే నష్టమేమీ లేదు. విమానమే తప్పుగా ప్రవర్తిస్తే మాత్రం నష్టం ఉంది. అందుకే ఈ రంగంలో పండినవాళ్లు మబ్బుల అందం కన్నా ముందు కాక్‌పిట్ చూస్తారు.

మీట నొక్కితే లేవదు

గేముతో పాటు వచ్చే విమానాలు మొదట్లో చాలా మంచివి. ఒక్క మీట నొక్కితే ఇంజిన్లు మోగుతాయి, కాస్త పొరపాటు చేసినా క్షమిస్తాయి. పీఎండీజీ, ఫెనిక్స్ లాంటి సంస్థలు తయారుచేసే యాడ్-ఆన్ విమానాలు అలా కాదు. ఉదాహరణకు బోయింగ్-737. ముందు బ్యాటరీ ఆన్ చేయాలి. తోకలో ఉండే చిన్న ఇంజిన్‌ను రగిలించి దాంతో కరెంటు, గాలి పుట్టించాలి. తానెక్కడుందో విమానం తెలుసుకోవడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. దారి, బరువు, ఇంధనం లెక్కలు కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఒక్క స్విచ్ మర్చిపోయినా పెద్ద ఇంజిన్ తిరగదు. కొత్తవాళ్లకు విమానం కదలడానికే ఓ సాయంత్రం గడిచిపోతుంది!

ఎగరడంలోనూ తేడాలున్నాయి. కొన్ని సిమ్యులేటర్లు ఫలానా వేగానికి ఫలానా ఫలితం అని ముందే రాసిపెట్టుకున్న పట్టికలు చూసుకుంటాయి. ఆస్టిన్ మేయర్ రూపొందించిన ఎక్స్-ప్లేన్ రెక్కను చిన్న చిన్న ముక్కలుగా విడదీసి, ఒక్కో ముక్క మీద గాలి ఎంత బలంగా పనిచేస్తుందో లెక్కగట్టి మొత్తం కూడుతుంది.

ఇక చప్పుడు. సిరిసిల్ల ప్రాంతంలో దీని సంగతి వేరే చెప్పక్కర్లేదు. సాంచాల మధ్య బతికినవాళ్లకు ఏ మగ్గం సరిగా ఆడటం లేదో చూడకుండానే తెలుస్తుంది. విమానమూ అంతే. రెక్కల ఫ్లాపులు దిగుతున్నప్పుడు ఒక మోత, చక్రాలు బయటికొచ్చాక ఇంకో హోరు. మంచి యాడ్-ఆన్ తయారీదారులు అసలు విమానాల చప్పుళ్లు రికార్డు చేసి మరీ వాడేది అందుకే.

కోట్ల యంత్రమూ తప్పింది

ఇంటి గేము సరే, ఎయిర్‌లైన్ పైలట్లు శిక్షణ పొందే సిమ్యులేటర్లు అచ్చం నిజమేనా? ఆరు కాళ్ల మీద ఊగుతూ నిలబడే ఆ యంత్రాల ఖరీదు కోట్లలో ఉంటుంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లెందరో హైదరాబాద్‌లోని శిక్షణ కేంద్రంలో అలాంటి వాటిలోనే చెమటోడ్చారు. అవి కూడా తప్పుతాయి. 2018, 2019లలో రెండు బోయింగ్-737 మ్యాక్స్ విమానాలు కూలి 346 మంది చనిపోయారు. ఆ విమానాల్లో తోక రెక్కను సరిచేసే చక్రాన్ని కొన్ని పరిస్థితుల్లో చేత్తో తిప్పడం ఎంత కష్టమో సిమ్యులేటర్ సరిగా చూపించలేదు. సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని 2019 మే నెలలో బోయింగే ఒప్పుకుంది.

యంత్రం సరిగా ఉన్నా చాలదు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షుల గుంపు తగిలి ఓ ఎయిర్‌బస్-320 రెండు ఇంజిన్లూ శక్తి కోల్పోయాయి. కెప్టెన్ సలెన్‌బర్గర్ దాన్ని హడ్సన్ నదిలో దించారు. అందులోని 155 మందీ బతికారు. వెనక్కి తిప్పి రన్‌వే మీద దించొచ్చు కదా అని తర్వాత సిమ్యులేటర్లో పరీక్షించారు. పక్షులు తగిలిన క్షణంలోనే వెనక్కి తిప్పినప్పుడు కొన్నిసార్లు విమానం క్షేమంగా దిగింది. మనిషి తేరుకుని నిర్ణయం తీసుకోవడానికి 35 సెకన్లు కలిపి చూస్తే... కూలిపోయింది! ఏం జరగబోతోందో ముందే తెలిసిన పైలట్‌కూ, తెలియని పైలట్‌కూ ఉన్న తేడా అది.

మరి పైలట్ అయిపోతారా?

తల్లిదండ్రులు గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడే. ఇంట్లో వెయ్యి గంటలు నడిపినా లైసెన్సు లెక్కలో అది సున్నా. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు నిజం విమానంలో ఎగరాలి. వైద్య పరీక్షలు నెగ్గాలి. ఇంటర్‌లో ఫిజిక్స్, మ్యాథ్స్ ఉండాలన్నది చాలాకాలంగా ఉన్న నిబంధన. చేరేముందు డీజీసీఏ తాజా నిబంధనలు చూసుకోవడం మంచిది. ఖర్చు లక్షల్లో, పదుల లక్షల్లో ఉంటుంది. ‘మావాడు కంప్యూటర్లో బోయింగ్ దించుతున్నాడు’ అన్న ధీమాతో పొలమో సాంచాలో అమ్ముకునే ముందు వైద్య పరీక్ష చేయించి, ఒక్కసారైనా నిజం విమానంలో శిక్షకుడి పక్కన కూర్చోబెట్టి చూడాలి. కడుపులో తిప్పడం, చెవులు మూసుకుపోవడం, భయం... ఇవేవీ ఏ యాడ్-ఆన్‌లోనూ దొరకవు.

చెడు అలవాట్లూ ఉన్నాయి. ఇంట్లో నేర్చుకున్నవాళ్లు బయటికి చూడకుండా మీటర్లకే అతుక్కుపోతుంటారు. కాళ్లతో తొక్కే పెడళ్లు లేక రడ్డర్ సంగతే మర్చిపోతుంటారు. తప్పు చేసినప్పుడు ఆపేసి మళ్లీ మొదటికి వెళ్లే సౌకర్యం గాల్లో లేదు.

అలాగని కొట్టిపారేయాల్సిన పనీ లేదు. చెక్‌లిస్ట్ క్రమం తప్పకుండా చదవడం, దిక్సూచి, గాలివాటం, రేడియో భాష... వీటన్నిటికీ ఇంటి సిమ్యులేటర్ మంచి బడే. ఖర్చు పెట్టలేనివాళ్లకు ఫ్లైట్‌గేర్ ఉచితంగా దొరుకుతుంది. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్ ఉన్నవాళ్లకు ఫ్లైబైవైర్ బృందం ఎయిర్‌బస్-320ని పైసా తీసుకోకుండా ఇస్తోంది. ఖరీదైన యాడ్-ఆన్‌ల జోలికి వెళ్లకుండా ముందు సెస్నాతో మొదలుపెట్టాలి. ఎదురుగాలిలో దాన్ని పది సార్లు వరసగా, సరిగ్గా మధ్య గీత మీద దించగలిగితే... అప్పుడు పెద్ద విమానం గురించి ఆలోచించొచ్చు. మబ్బులు ఎంత నిజంగా కనిపిస్తున్నాయన్నది కంపెనీవాళ్ల పని. తప్పు జరిగితే నిజాయతీగా ఒప్పుకుని మళ్లీ చెక్‌లిస్ట్ మొదటి వరస నుంచి చదవడం మాత్రం నడిపేవాళ్ల పని!