మూడో అంతస్తులో టీవీలు ఎందుకు లేవు?

విజయనగరంలో గంటస్తంభానికి కాస్త దూరంలో ఒక పెద్ద దుకాణం ఉంది. కింద చీరలు, మొదటి అంతస్తులో రెడీమేడ్ బట్టలు, రెండో అంతస్తులో స్టీలు సామాను, మూడో అంతస్తులో టీవీలు, ఫ్రిజ్‌లు, మిక్సీలు ఉండేవి. ఆ మూడో అంతస్తులో మా నాన్న ఇరవై రెండేళ్ళు సేల్స్‌మన్‌గా పనిచేశారు. రెండేళ్ళ క్రితం ఆ సెక్షన్ ఎత్తేశారు. ఇప్పుడక్కడ పరుపులు, కర్టెన్లు అమ్ముతున్నారు. నాన్న ఉద్యోగం పోలేదు. టేపు పట్టుకుని కిటికీల కొలతలు రాసుకుంటున్నారు, అంతే.

"అంతా ఆన్‌లైన్ వల్లే కదా నాన్నా?" అని అడిగాను. మనందరం అనుకునేది అదే. నాన్న ఒప్పుకోలేదు. "అది రాకముందే మా ఫ్లోర్‌కి జ్వరం వచ్చిందిరా. అదొచ్చి దుప్పటి కప్పింది, అంతే" అన్నారు. ఆ జ్వరం ఏమిటో తెలుసుకుందామని చదివినవీ, నాన్న చెప్పినవీ కలిపి రాస్తున్నాను.

అసలు బట్టల కొట్లో టీవీలెందుకు?

మన దేశంలో కలర్ టీవీ ప్రసారాలు 1982లో, ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాదిలో మొదలయ్యాయి. 1987లో దూరదర్శన్‌లో రామాయణం సీరియల్ వచ్చాక టీవీ కొనాలన్న కోరిక ఊళ్ళకి కూడా పాకింది. 1991 తర్వాత విదేశీ కంపెనీలకి తలుపులు తెరిచారు. శామ్‌సంగ్ 1995లో, ఎల్‌జీ 1997లో వచ్చాయి. పాత టీవీ ఇచ్చి కొత్తది పట్టుకెళ్ళమనే ఎక్స్ఛేంజ్ ఆఫర్లని అకాయ్ ఊరూరా పాపులర్ చేసింది.

అదే సమయంలో మన పెళ్ళిళ్ళలో సారె సామాను జాబితా పెరిగింది. బీరువా, మంచంతో పాటు మిక్సీ, ఫ్రిజ్, టీవీ కూడా చేరాయి. రాజాం నుంచో బొబ్బిలి నుంచో ఒక కుటుంబం పొద్దున్న బస్సెక్కి వస్తే సాయంత్రానికి పెళ్ళి చీరల నుంచి ఫ్రిజ్ దాకా ఒకే కొట్లో అయిపోవాలి. బిల్లు ఒకటే, బేరం ఒకటే, సామాను వేసుకెళ్ళే వ్యానూ ఒకటే. మూడో అంతస్తు అలా పుట్టింది. టీవీ మీద లాభం తక్కువైనా ఓనరుకి బాధ లేదు, ఎందుకంటే టీవీ కోసం వచ్చినవాళ్ళు కింద చీరలు కొనకుండా పోరు.

జ్వరం ఎక్కడ మొదలైంది?

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. అంకెలు నేను అనుకున్నవే, కానీ లెక్క నడిచే తీరు అదే. ముప్పై వేల టీవీ మీద కొట్టుకి రెండు వేలు మిగులుతాయనుకోండి. అది నాలుగు నెలలు అమ్ముడుపోకుండా ఉండిపోయింది. ఈలోగా కొత్త మోడల్ వచ్చి పాతదాని రేటు మూడు వేలు పడిపోయింది. ఇప్పుడు అమ్మినా నష్టమే. పట్టుచీర అలా కాదు. ఆరు నెలలు బీరువాలో ఉన్నా దాని రేటు అంతలా పడదు, పైగా ముప్పై వేల టీవీ పెట్టే చోట చాలా చీరలు పడతాయి. ఒక్కొక్కదాని మీద మార్జిన్ కూడా ఎక్కువే. ఏ ఓనరైనా అడుగుకి ఎంత మిగులుతోందని లెక్క వేసిన రోజున మూడో అంతస్తు ఓడిపోతుంది.

మరి ఎలక్ట్రానిక్స్ మాత్రమే అమ్మే షోరూమ్‌లు ఎలా బతుకుతున్నాయి? అవి వందల్లో, వేలల్లో కొంటాయి కాబట్టి కంపెనీ వాటికి తక్కువ రేటుకిస్తుంది. టార్గెట్ దాటితే ఇంకొంత వెనక్కి ఇస్తుంది. డెమో చూపించే కుర్రాళ్ళని కూడా చాలాసార్లు కంపెనీయే పెడుతుంది. హైదరాబాద్‌లో 1980లో ఒక్క షాపుతో మొదలైన బజాజ్ ఎలక్ట్రానిక్స్ గొలుసుకట్టు షోరూమ్‌లుగా పెరిగి, దాని మాతృసంస్థ 2022లో స్టాక్ మార్కెట్‌లో లిస్టయింది. క్రోమా 2006లో, రిలయన్స్ డిజిటల్ 2007లో మొదలయ్యాయి. ఇలాంటి వాటి ముందు ఆరు టీవీలు, నాలుగు ఫ్రిజ్‌లు పెట్టుకున్న మూడో అంతస్తు ఏపాటి?

ఆ తర్వాత వచ్చింది ఆన్‌లైన్. ఫ్లిప్‌కార్ట్ 2007లోనే మొదలైంది, అమెజాన్ మన దేశంలో 2013లో అడుగుపెట్టింది. 2014 అక్టోబర్ 6న ఫ్లిప్‌కార్ట్ మొదటి బిగ్ బిలియన్ డే పెట్టింది. చీరకి మోడల్ నంబర్ ఉండదు, టీవీకి ఉంటుంది. ఆ నంబర్ ఫోన్‌లో కొడితే దేశంలో ఎవరు ఎంతకి అమ్ముతున్నారో తెలిసిపోతుంది. నాన్న దగ్గర అరగంట డెమో చూసి, నంబర్ ఫొటో తీసుకుని వెళ్ళిపోయేవాళ్ళు మొదలైంది అప్పుడే.

మన దగ్గరే కాదు

అమెరికాలో సియర్స్ అని ఒకప్పుడు అతి పెద్ద డిపార్ట్‌మెంట్ స్టోర్ ఉండేది. పోస్టులో కేటలాగ్ పంపి, ఇంటికే సరుకు చేర్చి పైకొచ్చింది. ఆ పెద్ద కేటలాగ్‌ని 1993లో ఆపేశారు. ఆ మరుసటి ఏడాదే అమెజాన్ పుట్టింది! సియర్స్ 2018లో దివాలా పిటిషన్ వేసింది. జేసీ పెన్నీ అనే ఇంకో స్టోర్ 2016లో మళ్ళీ ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ పెట్టి చూసి, 2019లో మానేసింది. ఎలక్ట్రానిక్స్‌కే పరిమితమైన సర్క్యూట్ సిటీ కూడా 2009లో మూతపడింది. అంటే ఎలక్ట్రానిక్స్ ఒక్కటే అమ్మినంత మాత్రాన గ్యారంటీ లేదన్నమాట. ఇక్కడ 2001లో మొదలైన బిగ్ బజార్ కథ కూడా 2022లో ముగిసింది.

కానీ ఒక మినహాయింపు ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి సైన్యంలోకి వెళ్ళినవాళ్ళు చాలామంది. మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒక ఎక్స్-సర్వీస్‌మన్ ఉండే ఉంటారు. వాళ్ళకి మిలిటరీ క్యాంటీన్ ఉంది. సబ్బుల నుంచి టీవీల దాకా అమ్మే ఆ క్యాంటీన్లు ఒకరకంగా డిపార్ట్‌మెంట్ స్టోర్లే. అక్కడ టీవీలు, ఏసీలు, కార్లు ఏఎఫ్‌డీ అనే పద్ధతిలో ఇస్తారు. అంటే ముందు కొనేవాళ్ళు ఆర్డర్ పెట్టాలి, తర్వాతే సరుకు. 2021 జనవరి నుంచి దీనికి ఆన్‌లైన్ పోర్టల్ కూడా ఉంది. పన్ను రాయితీ వల్ల రేటు తక్కువన్నది నిజమే. కానీ నాకు నచ్చిన పాయింట్ ఇంకోటి. ముందే స్టాక్ తెచ్చుకోకపోతే రేటు పడిపోతుందన్న భయం కూడా ఉండదు. మన క్లాసులో చెప్పే లేజీ ఎవాల్యుయేషన్ లాగా, అడిగితేనే పని. నాన్న ఫ్లోర్‌ని చంపింది స్టాకే.

పోయింది ఫ్లోర్ మాత్రమేనా?

తక్కువ రేటుకి దొరుకుతోంది కదా, మంచిదే కదా అని నేనూ అన్నాను. నా లాప్‌టాప్ కూడా ఆన్‌లైన్ సేల్‌లో కొన్నదే. కానీ నాన్న చెప్పిన రెండు విషయాలకి నా దగ్గర జవాబు లేదు.

ఒకటి, వాయిదాలు. భావనపాడు వైపు నుంచి వచ్చే మత్స్యకారులకి ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ రెండు నెలలు చేతిలో డబ్బులుండవు. పలాస వైపు జీడితోటల వాళ్ళకి పిక్కలు అమ్ముడైతేనే డబ్బు. పాత ఓనరు ఖాతా పుస్తకంలో వాళ్ళ వాయిదా ఆ సీజన్ ప్రకారమే రాసేవారట. ఇప్పటి ఈఎంఐకి ప్రతి నెలా ఒకే తారీకు. వేట ఉందా లేదా అన్నది దానికి తెలీదు. తప్పితే పెనాల్టీ, సిబిల్ స్కోరు పడిపోవడం. పైగా 'జీరో వడ్డీ' అనేది నిజంగా లేదని రిజర్వ్ బ్యాంక్ 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ఆ వడ్డీ ఎక్కడో ఒకచోట, రేటులోనో ప్రాసెసింగ్ ఫీజులోనో, ఉండే ఉంటుంది.

రెండోది, ప్రశ్నలు. ఎవరైనా ఫ్రిజ్ అడిగితే నాన్న మొదట "ఏ ఊరు పిన్నీ?" అనేవారు. కళింగపట్నం అంటే సముద్రపు గాలికి తుప్పు పట్టే సంగతి చెప్పి, ఎక్కడ పెట్టాలో, వెనక వైపు ఎలా తుడుచుకోవాలో చెప్పేవారు. లోపలి పల్లె అంటే, "మీ ఊళ్ళో ఓల్టేజీ ఎలాగుంటాది?" అని స్టెబిలైజర్ సంగతి తీసేవారు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను ఉద్దానాన్ని ముంచిన తర్వాత కరెంటు తిరిగొచ్చే ముందు ప్లగ్గులు పీకేసి ఉంచమని తనకి తెలిసిన కస్టమర్లకి ఫోన్ చేసి చెప్పారు. ఆన్‌లైన్ ఫిల్టర్లలో సైజుంది, బ్రాండుంది, స్టార్ రేటింగుంది. "ఏ ఊరు?" అన్నది మాత్రం పిన్‌కోడ్ దగ్గరే ఆగిపోతోంది, అదీ డెలివరీ కోసం.

మూడో అంతస్తు మళ్ళీ తెరవాలని నేను అనడం లేదు. లెక్క ఒప్పుకోదు. కానీ మనలో చాలామంది రేపు ఇలాంటి యాప్‌లే రాస్తాం. ఖాతా పుస్తకంలోని వేట సీజన్‌నీ, "ఏ ఊరు పిన్నీ?"నీ కోడ్‌లో పెట్టడం అంత కష్టమేం కాదు. అవి ముఖ్యమని మనకి ఎవరైనా చెప్పాలి, అంతే.

ఇది రాసి నాన్నకి చదివి వినిపించాను. అంతా విని, "కర్టెన్లకి కూడా ఏ ఊరనే అడుగుతున్నానురా. సముద్రం పక్కనైతే స్టీలు రాడ్ వద్దని చెప్పాలి కదా" అన్నారు.